ఆరువందల నలభయ్యో మీటరు

నిజాంపురా, భివండి
8 డిసెంబర్ 2024, ఆదివారం

మామయ్యకు నమస్తే.

మీరు సూరత్ వెళ్ళి ఇవాళ్టికి ఎనిమిది వారాలు. మీరు బాగున్నారని చిన్నయ్య ఫోన్లో చెప్పాడు. ఫోను మీ చెవికి ఆనిస్తే, మగ్గం మోత తప్ప ఏం ఇనవడ్తలేదన్నారట. అందుకే ఉత్తరం. ఫోనయినా నేను మాట్లాడేది ఏముండేది కాదు. తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. మనిద్దరి మాటలూ వనితే అటూ ఇటూ మోసింది. "నాయినా, ఆయన తిన్నవా అని అడుగుతున్నడు" అని మీకు. "నాయిన స్వెటరేస్కొని పొమ్మంటున్నడు" అని నాకు. ఈ పద్నాలుగుకు తను పోయి నాలుగు నెలలు.

మీరు వెళ్ళిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. ఇంటికి వస్తే తాళం చెవి పక్కింటి పోచమ్మ ఇచ్చింది. ఎందుకు వెళ్ళారో చెప్పలేదు. దసరాకు కొడుకు చిన్నయ్య దగ్గరికి వెళ్ళాలనిపించిందేమో అనుకున్నాను. ఎప్పుడు వస్తారో రాయండి. మీ మంచం ఎక్కడిదక్కడే ఉంది.

పని సంగతి. కాశేలి గోడౌనులో కప్పు కింద నల్లటి సన్న కేబుల్ లాగడం మీరు చూశారు. నాకు అన్నం డబ్బా తెచ్చినప్పుడల్లా "కరెంటు లేని తీగె ఎందుకు" అని అడిగేవారు. నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. దాని మధ్యలో వెంట్రుకంత గాజు పోగు ఉంటుంది. ఒక చివర నుంచి అందులోకి వెలుగు పంపుతారు. పోతూ పోతూ ఆ వెలుగు ప్రతిచోటా కొంచెం చెదురుతుంది. చెదిరినదాంట్లో రవ్వంత వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చినదాంట్లో మనం పంపని రెండు రంగులుంటాయి, కంటికి కనపడవు. ఒకటి, ఆ చోట వేడి పెరిగితే బాగా పెరుగుతుంది. రెండోది పెద్దగా మారదు. యంత్రం రెండింటినీ పోల్చి వేడి ఎంతో చెబుతుంది. తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఎన్నో మీటరు దగ్గరో చెబుతుంది. మొత్తం తీగె వెయ్యి ఎనిమిది వందల యాభై మీటర్లు. మీటరుకు ఒక థర్మామీటరు వేలాడదీసినట్టు. బట్ట తాన్ల మధ్య ఎక్కడ వేడెక్కినా పొగ రాకముందే తెలుస్తుంది.

కేబుల్ సెప్టెంబరులోనే లాగినా, యంత్రం వచ్చింది మొన్న సోమవారం. పుణె నుంచి నమ్రత అనే ఇంజినీరు వచ్చి వెలుగు పంపింది. ఆరువందల నలభయ్యో మీటరు దాకా వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. గీత అక్కడ తెగిపోయింది.

నిచ్చెన వేసి ఎక్కాను. నల్ల టేపు చుట్టి ఉంది. విప్పితే, ఏ ఫోర్క్‌లిఫ్టో తగిలి తెగిన కేబుల్. దాన్ని ఎవరో ముడేశారు. గాజు పోగుకు బలం కోసం చుట్టూ పసుపు దారాలుంటాయి. వాటిని పోగు పోగునా పడుగు అతికినట్టు అతికారు. గోరంత కొసలు వదిలి కత్తిరించారు. మధ్యలో గాజు పోగును మాత్రం, ఇదేదో పనికిరాని నైలాను అనుకున్నట్టు, తుంచి పారేశారు. నమ్రత ఫొటో తీసుకుంది. ఇంత అందమైన తప్పు తన సర్వీసులో చూడలేదంది.

ముళ్ళన్నీ ఎడమకు తిరిగి ఉన్నాయి. వేసినవాడు ఎడమచేతి వాటం మనిషి, సైజింగులో పడుగుకు గంజి పట్టించే పని చాలాకాలం చేసినవాడు. అట్లాంటివాళ్ళు భివండిలో ఎంతమంది ఉన్నారో మీకే తెలియాలి.

మీ అంబదాస్


సూరత్
17 డిసెంబర్

అల్లుడు అంబదాస్‌కు గాలయ్య రాసేది.

నీ కాయితం అందింది. నాలుగో తరగతి సదువు, తప్పులుంటే సదురుకో. చిన్నయ్య రాసిస్త అన్నడు గని, వానికి గుజరాతీ తప్ప చేతి రాత రాదు. కోడలు పూనం తెలుగు అంటే నవ్వుతది. మంచి పిల్లనే. పప్పుల గూడ చక్కెర ఏస్తది. పప్పు తింటున్ననో పాయసం తింటున్ననో తెల్వక బువ్వ మీదికి బువ్వ పెట్టిచ్చుకుంటున్న.

ఈడ మగ్గాలు నీళ్ళతోటి నడుస్తున్నయి. పోగును మోసే నాడె లేదు. నీళ్ళ చుక్క పేక పోగును గుంజుకపోతది. గంట సేపు నిలవడి సూసిన. చిన్నయ్య పరువు పోతున్నదని కుర్చీ ఏసిండు.

నువ్వు రాసిన వెలుగు ముచ్చట రెండుసార్లు సదివిన. మా సైజింగుల డ్రమ్ము వేడి సూడాలంటే నీళ్ళు చిలకరిస్తుంటిమి. సుయ్యి మని లేస్తే గంజి ఆరతది, బుడబుడ అంటే ఆరది. అది గూడ ఎనక్కి వచ్చేదాన్ని ఇనుడే గద. ఇప్పుడు చెవులు లేవు, అది అయ్యే పని కాదు.

ఆ ముడేసిన మనిషిని ఏం జేస్తరు? నౌకరి తీస్తరా? ఊరికెనే అడుగుతున్న.

నా గది ఖాళీగ ఎందుకు? ఎవలకన్న ఇయ్యి. నువ్వు ఒక్కనివి, ఇంట్ల మనిషి మసిలితె మంచిగుంటది.

గాలయ్య


నిజాంపురా
27 డిసెంబర్

మామయ్యకు నమస్తే.

ఉత్తరం అందింది. గది సంగతి చదివాను. కొడుకు దగ్గర ఉండటమే సబబు. నేను బలవంతపెట్టేవాణ్ణి కాదు. మీ ఇష్టం.

ముడి వేసినవాణ్ణి ఎవరూ ఏమీ చెయ్యరు. కానీ ఎట్లా తెగింది, ఎవరి బాధ్యత అని పై ఆఫీసు వాళ్ళు రిపోర్టు అడిగారు. ఒక పేరు రాయాలన్నారు. రాసి ఇచ్చేశాను. కొత్త అతుకు వెయ్యడానికి మనుషులు ఫిబ్రవరి ఆఖరుకు వస్తారట. అప్పటిదాకా యంత్రానికి ఆరువందల నలభై మీటర్లే లోకం. అవతల వేడెక్కినా, కాలినా దానికి తెలియదు.

అన్నం వండుకోవడం వచ్చింది. కూర రాలేదు. పోచమ్మ గిన్నెతో పులుసు తెచ్చి గుమ్మంలో నిలబడి, "బీయెస్సీ సదివినవు, ఉప్పు ఏస్తె ఉప్పగైతదని తెల్వదా" అంటుంది. మీరున్నప్పుడు ఆమె ఇంత మాట్లాడేది కాదు. మీకు ఎట్లాగూ వినపడదని ఊరుకునేదట.

చలి మొదలైంది. మీ స్వెటరు ఇక్కడే ఉంది.

అంబదాస్


సూరత్
6 జనవరి 2025

అంబదాస్,

పేరు రాసి ఇచ్చిన అన్నవు. నా పేరు రాసినవంటే నీకు ఎరుకైనట్టే. ఎడమచెయ్యి అన్నప్పుడే అనుకున్న. నువ్వు అడుగుడు గాదు, చెప్పుడే.

నేనే ఏసిన. దసరాకు పది దినాల ముంగట డబ్బా తెచ్చిన. నువ్వు లోపట ఉన్నవు. ఆ ఫోర్క్‌లిఫ్టు నడిపే అమోల్ తాన్లు ఎత్తుతుంటె తీగె తెగింది. పిలగాడు నౌకరి పోతదన్నడు. నీ మీదికి వస్తదని నాకు భయమైంది. అప్పటికే నువ్వు ఎవలతోటి మాట్లాడుతలెవ్వు. ఇంకో మాట నీ మీద పడొద్దని నిచ్చెన ఎక్కిన. పసుపు పచ్చ దారాలు కనవడ్డయి. తెగిన పోగును అతుకుడు తప్ప నాకు ఇంకేం వస్తది. అతికిన. నడిమిట్ల సన్నది ఒకటి చేతికి తాకనే లేదు. తాకితె గద అది ఏందో తెలిసేది. నా వేళ్ళకు ఏం తెలుస్తలేదు. ముప్పై ఐదు ఏండ్లు డ్రమ్ము మీది పడుగును చేత్తోటి సూసి సూసి తోలు సచ్చిపోయింది.

ఆ సంగతి నాకు అంతకు ముందే తెల్వాలె. ఆ ఐతారం పొద్దుమీకి బిడ్డ నెత్తి మీద చెయ్యి వెట్టి, జరం లేదు, సల్లగనే ఉంది, పండుకోనీ అన్న. తెల్లారి దవఖానకు తీస్కపోతిమి. మూడో దినం పాయె. ఆ చెయ్యి నాది. నువ్వు నా మాట ఇని ఊకున్నవు. పదకొండో దినం దాక, ఆ తర్వాత గూడ నా మొకం సూడలేదు. నువ్వు అనకున్న నాకు సమజయింది. అందుకే వచ్చేసిన.

ఆ కాయితంల రాసిన పేరు తియ్యకు. రెండు తప్పులు నాయే. ఒకదానికన్న నా పేరు పడనీ.

గాలయ్య


సూరత్
2 ఫిబ్రవరి

అంబదాస్,

నెల దాటింది. నీ దగ్గరి నుంచి ఏం రాలేదు. రాయాల్నని లేదు. పొద్దుగాల పోస్టాయన వస్తడు గద, ఊరికెనే బయట కూసుంటున్న. ఆయన గూడ నన్ను సూసి చెయ్యి ఊపుతున్నడు, ఏం లేదని.

మన గల్లీల కనకవ్వ వచ్చే వారం సూరత్ వస్తదట, బిడ్డ ఇంటికి. ఆమె తోటి నా ఇనుప పెట్టె పంపు. కండ్లద్దాలు అటక మీద ఉన్నయి, అవి గూడ. వనిత ఫొటో నీ దగ్గర్నే ఉండనీ. చిన్నది ఒకటి చిన్నయ్య తాన ఉన్నది, సాలు.

ఆ తీగెను మంచిగ అతికిచ్చు. నా లెక్క అతికేటోళ్ళను దగ్గరికి రానియ్యకు.

గాలయ్య


నిజాంపురా
9 ఫిబ్రవరి, ఆదివారం

మామయ్యకు.

మూడు ఉత్తరాలు రాసి చించాను. ఇది నాలుగోది. కనకవ్వ వచ్చి పెట్టె అడిగింది. ఇవ్వలేదు. ఈ ఉత్తరం ఇచ్చాను.

ముందు ముడి సంగతి. టేపు విప్పిన రోజే మీదని తెలుసు. ఎడమచేతివాళ్ళు ఎంతమంది అని రాసింది వేళాకోళానికి. చదివి నవ్వుతారనుకున్నాను. నాకు వేళాకోళం చేతకాదని వనిత అనేది. నిజమే. రిపోర్టులో ఉన్న పేరు నాది. సూపర్వైజరు పేరు రాయడం పద్ధతి. ఒక మెమో ఇచ్చారు, డ్రాయరులో పెట్టాను. అమోల్‌ను కూడా ఎవరూ ఏమీ అనలేదు.

ఇక ఆగస్టు పదకొండు.

ఆ రోజు మీరు నాలుగింటికి బజారు వెళ్ళారు. అయిదింటికి నేను థర్మామీటరు పెట్టాను. నూట మూడు. వనిత నా చెయ్యి పట్టుకుని, "నాయినకు చెప్పకు. ఇప్పుడే ఆటో పిలుస్తడు, గల్లీ అంత లేపుతడు. గోళి ఏస్కుంట, తగ్గుతది" అంది. గోళి ఇచ్చాను. గంటకు చెమట పట్టింది. తడిగుడ్డతో మొహం తుడుచుకుని, చీర మార్చుకుని, మీరు వచ్చేసరికి దిండుకు ఆనుకుని కూర్చుంది. మీరు చెయ్యి పెట్టి, సల్లగనే ఉంది అన్నారు. తను నన్ను చూసింది. చూశావా, అన్నట్టు.

మీరు కాళ్ళు కడుక్కోవడానికి లేచాక మళ్ళీ థర్మామీటరు పెట్టాను. తొంభై తొమ్మిది. మీ చెయ్యి చెప్పింది నిజం. ఆ సాయంత్రం మీ చెయ్యి తప్పు చెప్పలేదు.

డెంగీలో జ్వరం దిగినప్పుడే కనిపెట్టి ఉండాలని డాక్టరు తర్వాత చెప్పాడు. అది మీకు తెలియదు, నాకూ తెలియదు. కానీ నూట మూడు సంగతి నాకు తెలుసు. మీకు తెలియదు. మీకు తెలిసి ఉంటే గల్లీ అంతా లేపి, తనను ఎత్తుకుని అయినా ఆ సాయంత్రమే తీసుకెళ్ళేవారు. తీసుకెళ్తే బతికేదా అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు.

హాస్పిటల్లో మీ మొహం చూడలేకపోయాను. కోపం కాదు. చూస్తే చెప్పాల్సి వస్తుంది. పదకొండు రోజులూ అదే. ఆ తర్వాతా అదే. మీరు వెళ్ళిన రోజు తాళం చెవి చూసి, మీకు ఎట్లానో తెలిసిందనుకున్నాను. తెలిసే వెళ్ళిపోయారనుకున్నాను. గది ఎవరికన్నా ఇయ్యమని రాస్తే ఆ అనుమానం ఖాయమైంది. కొడుకు దగ్గర ఉండటమే సబబు అని రాసింది అందుకే.

పెట్టె పంపను. కావాలంటే మీరే వచ్చి తీసుకోండి. రాకపోయినా అర్థం చేసుకోగలను.

అంబదాస్


సూరత్
24 ఫిబ్రవరి

అంబదాస్,

కనకవ్వ కాయితం ఇచ్చింది. సదివినంక నాకు ఏం సంబురం గాలేదు. కోపమొచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్న.

రెండు దినాలు బువ్వ సయించలే. నేను తండ్రిని. నూట మూడు అంటె నాకు చెప్పద్దా? అది వద్దంటె నువ్వు ఇనుడేంది? అది ఎప్పుడు వద్దనలే? పెండ్లప్పుడు గూడ అల్లునికి గడియారం వద్దన్నది, నేను ఇన్ననా? రాసి రాసి కాయితం నిండింది, అది చింపిన. మనిద్దరికి ఈ చింపుడు ఒక్కటి కలిసింది.

మూడో దినం పొద్దుగాల ఒకటి యాదికొచ్చింది. నాలుగేండ్ల కింద నా ఎడమ అరచెయ్యి డ్రమ్ముకు అంటుకొని బొబ్బలెక్కింది. అల్లునికి చెప్పకు, పని బంద్ పెట్టిస్తడు అని దానికి చెప్పిన. అది చెప్పలే. పదిహేను దినాలు నా అంగీ గుండీలు అదే పెట్టింది. అన్నం ముద్దలు చేసి పెట్టింది. నువ్వు ఒకసారి అడిగినవు గూడ, మామ చెయ్యి ఎందుకు దాస్తున్నడు అని. చేతికి గోరింటాకు పెట్టుకుండు, సిగ్గు పడుతుండు అన్నది. నువ్వు నమ్మినవో లేదో తెల్వదు.

అంటె ఏందన్నట్టు? నీ ముచ్చట నాకు చెప్పకుండ, నా ముచ్చట నీకు చెప్పకుండ దాన్ని నడిమిట్ల నిలవెట్టినం ఇద్దరం. అది మోసింది. ఇగ నేను నిన్ను ఏమంట. అన్నా నాకే వచ్చి తాకుతది.

కోపం మొత్తం పోలే. జర ఉన్నది. ఉండనీ, అదే పోతది.

నా చెయ్యి నిజమే చెప్పింది అన్నవు. ఆ ఒక్క ముక్క రోజుకోసారి సదువుతున్న. నమ్మబుద్ధి అయితలేదు. నువ్వు నా మనసు నిమ్మళానికి రాసినవేమో. ఆ తీగె మనిషి మొకం సూసి చెప్పదు గద. నా చేతులు సచ్చినయో బతికి ఉన్నయో దానికి సూపెట్టి చెప్పు, అప్పుడు నమ్ముత.

గాలయ్య

పెట్టెల బట్టల నడుమ ఎండ్రి గోళీలు ఏసిపెట్టు. పురుగు పడ్తది.


నిజాంపురా
5 మార్చి

మామయ్యకు నమస్తే.

గోరింటాకు సంగతి నమ్మాను. వారం రోజులు మీ వైపు చూడకుండా అన్నం తిన్నాను, మీరు సిగ్గుపడతారని.

ఎండ్రి గోళీలు వేశాను.

అతుకు పడింది. ఒక చిన్న యంత్రంలో రెండు గాజు కొసలు ఎదురెదురుగా పెట్టి, మెరుపుతో కరిగించి కలిపారు. ముడి లేదు. వెలుగు ఇప్పుడు చివరిదాకా వెళ్ళి వస్తోంది. అతుకు దగ్గర నాలుగు మీటర్ల కేబుల్ అదనంగా చుట్ట చుట్టి వదిలారు, మళ్ళీ ఎప్పుడైనా అవసరం పడితే అని. నిచ్చెన అక్కరలేదు, స్తంభానికి చేతికి అందే ఎత్తులో పెట్టించాను. పసుపు దారాల ముళ్ళు నమ్రత పారెయ్యబోతే అడిగి తీసుకున్నాను. నా జేబులో ఉన్నాయి.

యంత్రం మొదట తప్పు చెప్పింది. బకెట్లో ఐసు ముక్కలు, నీళ్ళు పోసి, ముప్పై మీటర్ల చుట్ట ముంచితే రెండున్నర డిగ్రీలు చూపించింది. సున్నా చూపించాలి. యంత్రం చెడిపోయిందా అని అడిగాను. నమ్రత నవ్వింది. "చెడిపోలేదు సర్, దీనికి ఐసు అంటే ఏమిటో ఇంకా ఎవరూ చెప్పలేదు" అంది. ఒకసారి చెబితే సరిపోయింది. తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి చూశాం. సరిగ్గా చెప్పింది.

ఇప్పుడు మీటర్లకు గుర్తులు పెట్టాలి. ఒక మనిషి వేడి సంచీ పట్టుకుని కేబుల్ వెంట నడుస్తాడు. ఇంకో మనిషి తెర ముందు కూర్చుని, గీత ఎక్కడ లేస్తే అక్కడ రాసుకుంటాడు. వనిత నడుం నొప్పికి వాడే రబ్బరు సంచీ తీసుకెళ్ళాను. పనికొచ్చింది.

దార్లో ఒకచోట ఊరికే వేళ్ళతో పట్టుకుని నిలబడ్డాను. తెర మీద ఏమీ రాలేదంది నమ్రత. జానెడు చోటు వేడిని అది మీటరంతా పరిచి చూస్తుంది, అందుకని కనిపించదు. చెయ్యి వేడిగా లేక కాదు. అతుకు దగ్గరి చుట్ట మొత్తం రెండు చేతుల్లో పట్టుకుని కాసేపు ఉంటే కనిపిస్తుంది.

మీ మనసు నిమ్మళానికి నేనేమీ రాయలేదు. నాకు అట్లా రాయడం రాదు. అయినా మీరు అడిగింది న్యాయమే. ఆరువందల నలభై దగ్గర ఇంకా గుర్తు పెట్టలేదు. ఆపి ఉంచాను.

అంబదాస్


సూరత్
28 మార్చి

అల్లునికి,

వస్తున్న. చిన్నయ్య అలిగిండు. నా తాన ఏం తక్కువైంది అంటడు. ఏం తక్కువ గాలేదు కొడుకా, చక్కెర ఎక్కువైంది అన్న. పూనం నవ్వింది. సంచి నిండ ఏందో చేసి పెట్టింది.

వచ్చే నెల పదకొండు, శుక్రవారం బయలెల్లుత. చిన్నయ్య వసై దాక వచ్చి దివా పోయే బండి ఎక్కిచ్చి పోతడు. భివండి రోడ్ టేషన్ల దిగి ఆటో పట్టుకుంట. టేషన్‌కు రాకు. నువ్వొస్తె ఇద్దరం మొకాలు సూస్కుంట నిలవడుతం, ఆటో పోతది.

ఏం మాట్లాడాల్నో నాకు గూడ తెలుస్తలేదు. ఎదురెదురుంగ కూసుంటె మనకు మాట రాదు. రాకపోతె పాయె. కాయితం ముక్క మీద రాస్కుందాం. అలవాటైంది గద.

గాలయ్య


నిజాంపురా
11 ఏప్రిల్, శుక్రవారం

మామయ్యకు,

ఈ చీటీ పోచమ్మ ఇస్తుంది, తాళం చెవితో పాటు. నాకు ఇవాళ రెండో షిఫ్టు. రేపు పొద్దున్నే గుర్తుల పని ఉంది కాబట్టి అట్నుంచి అటే గోడౌనులో పడుకుంటాను. టేషన్‌కు రావద్దన్నారు కాబట్టి రాలేదు.

అన్నం, పప్పు వండాను. చక్కెర లేదు. ఉప్పు సంగతి హామీ ఇవ్వలేను. స్వెటరు ఉతికి మంచం మీద పెట్టాను, ఎండాకాలమని తెలుసు. వనిత ఫొటో మీ గదిలోకి మార్చాను. పొద్దున మీ వైపు వెలుతురు బాగా వస్తుంది.

రేపు పదిన్నరకు ఆటోలో కాశేలి రండి. గేటు దగ్గర అమోల్ ఉంటాడు, స్తంభం దగ్గరికి తీసుకెళ్తాడు. నేను అవతల చివర రూములో తెర ముందు ఉంటాను. మీకు ఫోను వినపడదు కాబట్టి గడియారం చూసుకోండి. సరిగ్గా పదకొండుకు చుట్టను రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకోండి. మీరేమీ చెప్పనక్కరలేదు. నాకు కనిపిస్తుంది.

అంబదాస్


కాశేలి గోడౌను, రూము
12 ఏప్రిల్, 11.20

మామా,

ఈ కాగితం వెనుక ఉన్నది గీత. ఎడమ నుంచి చూడండి. అంతా చదును. ఇనుప కప్పు కింద ఏసీ గోడౌను కాబట్టి ఇరవై ఆరు దగ్గరే నడుస్తుంది. ఆరువందల నలభై దగ్గర లేచిన గుట్ట మీ చేతులు. పదకొండుకు మొదలైంది. నాలుగు నిమిషాలకు ముప్పై మూడు దాటింది. ముప్పై మూడు పాయింట్ ఆరు దగ్గర ఆగింది. నా చేతులు నిన్న ముప్పై రెండే చూపించాయి.

గుర్తుల పుస్తకంలో ఆ మీటరు ఎదురుగా ఏదో ఒక పేరు రాయాలి. మీ పేరు రాశాను. ఒకదానికన్నా పడాలన్నారు.

పదకొండూ పదికే సరిపోయింది. ఆపమని చెప్పడానికి అమోల్‌ను పంపబోయి, ఇంకో పది నిమిషాలు ఊరికే చూస్తూ కూర్చున్నాను. గుట్ట ఎక్కడా తగ్గలేదు.

ఇంక వదలొచ్చు. అక్కడే ఉండండి, అన్నం డబ్బా తీసుకుని వస్తున్నాను.

అంబదాస్